పాతబస్తీ ఫుడ్ వాక్: గైడ్‌తో వెళ్ళాలా, మనమే నడవాలా?

కూకట్‌పల్లి గోదావరి (ప్రశ్న):

అందరికీ నమస్తే. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాది రాజమండ్రి. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఉండేది కూకట్‌పల్లి, ఆఫీసు గచ్చిబౌలి. చార్మినార్‌కి మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ చుట్టాలు వస్తేనే. లాడ్ బజార్‌లో గాజులు కొనడం, ఎక్కడో ఒకచోట బిర్యానీ తినడం, ట్రాఫిక్‌లో పడి ఇంటికి రావడం, అంతే.

డిసెంబర్ చివరి వారంలో మా అక్కావాళ్ళు న్యూయార్క్ నుంచి వస్తున్నారు. వాళ్ళుండేది క్వీన్స్‌లో. పోయిన వేసవిలో అక్కడ జాక్సన్ హైట్స్‌లో గైడ్‌తో నడుస్తూ తినే వాక్ ఒకటి చేశారట. రూజ్‌వెల్ట్ ఎవెన్యూ మీద రైలు వంతెన కింద నడుస్తూ ఒకచోట టిబెటన్ మోమోలు, ఇంకోచోట కొలంబియావాళ్ళ అరెపా, నాలుగు అడుగులేస్తే బంగ్లాదేశీవాళ్ళ ఫుచ్‌కా. ఎవరు ఎప్పుడు వచ్చి ఏ వీధిలో స్థిరపడ్డారో ఆ గైడ్ చెప్తుంటే రెండు మైళ్ళు నడిచినట్టే తెలియలేదంది అక్క. అక్కడితో ఆగకుండా, "మీ హైదరాబాద్‌లో అరబ్బులున్నారు, ఇరానీలున్నారు, మార్వాడీలున్నారు అంటారు కదా, నాకు ఒక్కసారైనా చూపించావా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు, నిజంగా బాధేసింది.

ఇదివరకు ఆఫీసు టీమ్‌తో ఇలాంటి వాక్‌కి ఒకసారి వెళ్ళాను. పేరు చెప్పను. ఇరవై రెండు మందిమి, మూడు గంటల్లో తొమ్మిది చోట్లు. ఆయన ముందు జెండా పట్టుకుని పోతుంటే వెనకవాళ్ళకి ఒక్క ముక్క వినబడలేదు. నాలుగో చోటికే కడుపు నిండిపోయింది, ఆ తర్వాతవన్నీ పారేశాం. అలా తిండి పారేయడం చాలా తప్పనిపించింది. ఈసారి అలా జరగకూడదు.

మేము ఆరుగురం. అక్క, బావ, వాళ్ళ పిల్లలిద్దరు (పన్నెండు, తొమ్మిది), అమ్మ, నేను. బావ, పిల్లలు అన్నీ తింటారు. అమ్మ పూర్తి శాకాహారి, మోకాళ్ళ నొప్పి కూడా ఉంది. ఒకరిని అడిగితే మనిషికి మూడు వేలు అన్నారు. అంత పెట్టి గైడ్‌ని తీసుకోవాలా? సొంతంగా వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లల కడుపు పాడవుతుందేమో అన్న టెన్షన్ కూడా ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.


లాల్‌దర్వాజా ఇంటిమనిషి:

మాది లాల్‌దర్వాజా, తాతల కాలం నుంచీ అక్కడే. బోనాలప్పుడు మా గల్లీలో అడుగు పెట్టడానికి సందు ఉండదు. మా ఇంటి నుంచి చార్మినార్‌కి ఇరవై నిమిషాల నడక, చిన్నప్పటి నుంచీ ఆ దారిలో తింటూనే పెరిగాను. కాబట్టి ఇది నా సొంత విషయం అనుకుని రాస్తున్నా.

పొద్దున్నే వెళ్ళండి. పొద్దున్నే అంటే తొమ్మిదింటికి కాదు, ఆరున్నరకల్లా చార్మినార్ కింద నిలబడాలి. డిసెంబర్‌లో అప్పటికి ఇంకా చలి, పావురాలు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని తల ఎత్తి నిదానంగా చూడాలంటే అదొక్కటే సమయం. పదకొండు దాటాక చూసేది జనాన్నే.

పక్కనే నిమ్రా కేఫ్. అక్కడ నిలబడే తాగాలి, చిన్న కప్పు ఇరానీ చాయ్, వేడి వేడి ఉస్మానియా బిస్కెట్. చాయ్ ఎలా చేస్తారో పిల్లలకి చూపించండి. మన ఇంట్లోలాగా పాలు, నీళ్ళు, పొడి కలిపి మరిగించరు. డికాషన్ వేరే పాత్రలో మూతపెట్టి దమ్ మీద ఉంటుంది, పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి. కప్పులో డికాషన్ పోసి పైన పాలు పోస్తారు. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ హోటళ్ళు పెట్టి మనకి నేర్పిన రుచి అది. బిస్కెట్‌కి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరే ఉంది. కొంచెం ఉప్పు, కొంచెం తీపి. ముంచి తినాలి, కానీ ఎక్కువసేపు ముంచితే కప్పులోనే విరిగిపోతుంది.

అక్కడి నుంచి గుల్జార్ హౌజ్ వైపు నడవండి. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కనిపిస్తాయి, అదే చార్ కమాన్. ఆ చుట్టుపక్కలే గోవింద్ బండి, పొద్దున పూట మాత్రమే ఉంటుంది. పెనం మీద వెన్నలో వేయించిన ఇడ్లీ, పైన కారప్పొడి. దోసె కూడా అంతే. మీ అమ్మగారికి ఇదే టిఫిన్. కుతుబ్‌షాహీల కట్టడాల మధ్య, ఉర్దూ బోర్డుల కింద, తెలుగు, హిందీ, దక్కనీ (మన ఊరి ఉర్దూ) మూడూ వినబడుతుంటే నిలబడి ఇడ్లీ తినడం, మీ అక్కయ్య అడిగిన హైదరాబాద్ అంటే నా లెక్కలో అదే.

తర్వాత మీర్ ఆలం మండీ మీదుగా పురానీ హవేలీ. అమ్మగారికి నడక కష్టమైతే ఆ ముక్క ఆటోలో పోండి, తప్పేం లేదు. అక్కడ మున్షీ నాన్ ఉంది, 1851 నుంచి నడుస్తోంది. నాలుగు మూలల నాన్, 'చార్ కోనే కీ నాన్' అంటారు. నేలలోకి దింపిన బట్టీ అంచున కూర్చుని, మెత్త మీద పిండి పరిచి, చెయ్యి లోపలికి పెట్టి గోడకి కొడతారు. నిమిషాల్లో ఇనుప చువ్వలతో బయటికి లాగుతారు. వేడి నాన్ పేపర్లో చుట్టించుకుని నయాపుల్ వైపు వచ్చేయండి, నాయాబ్ హోటల్లోనో షాదాబ్ హోటల్లోనో నహారీ తినండి.

నహారీ గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు మనసొప్పదు. 'నహార్' అంటే అరబ్బీలో పగలు, పొద్దు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికి పొద్దున తినే కూర. మన దగ్గర అందులో కాళ్ళు, నాలుక పడతాయి, మసాలా అంతా చిన్న మూట కట్టి అందులో వేలాడదీస్తారు, దాన్నే పోట్లీ మసాలా అంటారు. చలికాలం పొద్దున పులుసు పెదాలకి కాస్త జిగురుగా అంటుకోవాలి, అది సరైన నహారీ. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. ఆరుగురికి ఆరు ప్లేట్లు చెప్పకండి.

నాన్ కథ కూడా చెప్పండి పిల్లలకి. మొదటి నిజాం దక్కన్‌కి వస్తున్నప్పుడు ఒక సూఫీ గురువు ఆకలితో ఉన్న ఆయనకి కుల్చాలు పెట్టాడనీ, ఆయన ఏడు తిన్నాడనీ, నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు అన్నాడనీ చెప్పుకుంటారు. చెప్పుకునే కథే అనుకోండి. కానీ ఆసఫ్‌జాహీల జెండా మధ్యలో గుండ్రంగా ఉండేది కుల్చానే అని మా దగ్గర ప్రతి ముసలాయనా చెప్తాడు.

ఇంతే. నాలుగు చోట్లు, మూడు గంటలు. బిర్యానీ ఆ రోజు వద్దు.


రెండు వందల వాక్‌లు:

నేను కొన్నేళ్ళు ఇదే పని చేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి నిర్మొహమాటంగా చెప్తా.

మీరు చెప్పిన ఇరవై రెండు మంది వాక్ లాంటివి చూస్తే నాకు కోపం వస్తుంది. పాతబస్తీ గల్లీలో ఎనిమిది మంది దాటితే గైడ్ మాట వినబడదు, పైగా దారి కట్టేసినట్టవుతుంది, అక్కడ వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఇబ్బంది. బుక్ చేసే ముందు అడగాల్సిన మొదటి మాట "ఎంతమంది ఉంటారు?" అని. రెండోది "తిండి డబ్బు ఇందులోనే ఉందా?" అని. మూడోది ఎవరూ అడగరు, మీరు అడగండి: "దుకాణంవాళ్ళకి మీరు డబ్బిస్తారా, మీకు వాళ్ళిస్తారా?" మంచి గైడ్ ప్రతి దుకాణంలో గల్లా దగ్గర పూర్తి డబ్బు కడతాడు. కమీషన్ తీసుకునేవాడు మిమ్మల్ని మంచి రుచి ఉన్న చోటికి తీసుకెళ్ళడు, మంచి కమీషన్ ఉన్న చోటికి తీసుకెళ్తాడు.

ఇంక కొలత. నేను ఒక కప్పు చాయ్‌ని ఇద్దరికి, ఒక ప్లేటుని ముగ్గురికి అని లెక్క వేసేవాణ్ణి. వన్ బై టూ అనేది ఈ ఊరి అలవాటే, ఎవరూ తప్పుగా అనుకోరు. మొదటి చోట కడుపు నిండితే వాక్ అక్కడే అయిపోయినట్టు. అందుకే ఉప్పు, కారం ముందు, పిండి, మాంసం మధ్యలో, తీపి చివర. చాయ్ రెండుసార్లు, మొదట్లో ఒకసారి, మధ్యలో కూర్చోవడానికి ఒకసారి. ఆ రెండో చాయ్ దగ్గరే అసలు కబుర్లు వస్తాయి.

పిల్లల కడుపు గురించి: కళ్ళ ముందు పొగలు కక్కుతున్నది పెట్టండి. కోసి ఉంచిన పళ్ళు, పచ్చి చట్నీలు, రోడ్డు మీద ఐస్ వేసిన షర్బత్, పానీపూరీ నీళ్ళు వద్దు. నీళ్ళ సీసాలు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. వచ్చిన రోజో మర్నాడో వెళ్ళకండి, నిద్ర తేడాలు సర్దుకోవడానికి మూడు నాలుగు రోజులు ఇవ్వండి. ఇంకో సంగతి, దీన్ని ఎవరూ రాయరు: బాత్రూమ్. ఆడవాళ్ళకి, పిల్లలకి పాతబస్తీ నడకలో అసలు ఇబ్బంది అదే. దారిలో కూర్చుని తినే హోటల్ ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకోండి. లాల్‌దర్వాజా ఆయన చెప్పిన దారిలో నాయాబ్, షాదాబ్ చివర్లో వస్తాయి, కాబట్టి ఇంట్లో బయల్దేరేటప్పుడే అందరికీ చెప్పండి.

శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజుకి వేల మంది వస్తారు, ఆ సమయంలో నడకలు పెట్టుకోవద్దు. ఫొటో తీసేముందు అడగండి. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళని అడక్కుండా తీస్తుంటే నాకు ఎప్పుడూ కష్టంగా ఉండేది. చెమటతో బనీను మీద ఉన్న మనిషికి తన ఫొటో ఎక్కడికి పోతుందో తెలియాలి కదా. అడిగితే తొంభై మంది నవ్వుతూ నిలబడతారు, వద్దన్న పదిమందికి దండం పెట్టి ముందుకు పోవాలి.

మరి గైడ్ కావాలా అంటే, దారి కోసం అక్కర్లేదు, ఫోన్‌లో మ్యాప్ ఉంది. మీలో ఎవరికైనా దక్కనీ వచ్చా? రాకపోతే తీసుకోండి. బట్టీ ముందు కూర్చున్న మనిషితో వాళ్ళ నాన్న గురించి, పిండి గురించి మాట్లాడించి మీకు చెప్పేవాడు ఉంటే ఆ డబ్బుకి విలువ. అలా మాట్లాడించలేని గైడ్‌కి మూడు వేలు కాదు, మూడు వందలు కూడా ఎక్కువే.


కాచిగూడ శాకాహారి:

అమ్మగారు శాకాహారి అన్నారు కాబట్టి నేను రాస్తున్నాను. ఫుడ్ వాక్ అంటే అందరూ మాంసమే చూపిస్తారు, పక్కన పెద్దావిడ పొద్దుట్నుంచీ బిస్కెట్లు తింటూ కూర్చుంటుంది. మా అత్తగారికి ఇలాగే జరిగింది, పాపం ఒక్క మాట కూడా అనలేదావిడ. అందుకే అమ్మగారి కోసం సాయంత్రం ఒకటి వేరేగా పెట్టుకోండి. మిగతావాళ్ళు ఆవిడ వెంట రావాలి.

మెట్రోలో సుల్తాన్ బజార్ దిగండి. ఆ ప్రాంతాన్ని ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవాళ్ళు, బ్రిటిష్ రెసిడెంట్ ఉండే భవనం కోఠి ఉమెన్స్ కాలేజీలో (ఇప్పుడది మహిళా యూనివర్సిటీ) ఇప్పటికీ ఉంది. దాని పక్కన పెరిగిన బజారు కాబట్టి గుజరాతీలు, మరాఠీలు, మార్వాడీలు అందరూ వచ్చి చేరారు. గుజరాతీ గల్లీ అని పేరే ఉంది. కోఠిలో గోకుల్ చాట్ ఉంది, సాయంత్రం జనం కిటకిట. పిల్లలకి పానీపూరీ వద్దన్నారు కదా పైన, వేడి వేడి రగడా, ఆలూ టిక్కీ పెట్టండి.

తర్వాత బేగం బజార్. అమ్మగారికి ఇది నచ్చుతుందని గట్టిగా చెప్పగలను. నిజాం కాలంలో ఒక బేగం ఆ స్థలాన్ని వర్తకులకి ఇచ్చింది కాబట్టి ఆ పేరు. పక్కనే ఫీల్‌ఖానా, అంటే ఏనుగుల సాల. ఇప్పుడు ఏనుగులు లేవు కానీ బస్తాల లారీలు అంతే అడ్డంగా ఉంటాయి. వాము, సోంపు, ఎండుమిర్చి, ఏలకులు, బాదం, అంజీర్ బస్తాల్లో తెరిచి పెట్టి ఉంటాయి. ఒక గల్లీలో ఇంగువ వాసన, మలుపు తిరిగితే కొత్త స్టీలు గిన్నెల వాసన. నడుమ కచోరీ, జిలేబీ, మిర్చీ బజ్జీ బండ్లు. కచోరీ మధ్యలో బొటనవేలితో పొడిచి అందులో చట్నీ పోసి ఇస్తారు. రాజస్థాన్ నుంచి తరాల కింద వచ్చిన కుటుంబాలు ఇక్కడ తెలుగు మనలాగే మాట్లాడతారు. మా ఇంటి పప్పులు కొనే షాపాయన "ఏమ్మా, ఆవకాయ పెట్టారా ఈ ఏడు?" అని అడిగి మరీ మెంతులు కొలుస్తాడు.

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్‌కి ఆటోలో ఐదు నిమిషాలు. 1935లో ఏడో నిజాం తన రెండో కొడుకు మొజం జాహ్ పేరు మీద కట్టించాడు, నల్లరాయి కట్టడం, మధ్యలో గడియార స్తంభం. ఒకప్పుడు పళ్ళ మార్కెట్, పళ్ళన్నీ తర్వాత కొత్తపేటకి పోయాయి కానీ పళ్ళతో చేసే ఐస్‌క్రీం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఫేమస్ ఐస్‌క్రీంలో ఆరుబయట కుర్చీల్లో కూర్చోవచ్చు, మోకాళ్ళకి హాయి. సీతాఫలం డిసెంబర్ చివరికి అయిపోతుంది, దొరికితే మీ అదృష్టం, లేకపోతే సపోటా అడగండి. అదే చౌరస్తాలో కరాచీ బేకరీ ఉంది. దేశ విభజనప్పుడు కరాచీ నుంచి వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొదలుపెట్టింది, పోగొట్టుకున్న ఊరి పేరే దుకాణానికి పెట్టుకున్నారు. ఫ్రూట్ బిస్కెట్ అమెరికా తీసుకెళ్ళడానికి బాగుంటుంది. కానీ నన్నడిగితే ఆ పక్కనే హమీదీ మిఠాయి దుకాణంలో జౌజీ హల్వా కొనండి. జాజికాయ, నెయ్యి, పాలు, మొలకెత్తిన గోధుమ. ముదురు రంగులో చూడ్డానికి ఏమీ బాగోదు, నోట్లో పెట్టుకున్నాక వేరే సంగతి.

మీవాళ్ళు జనవరి మొదటి వారం దాకా ఉంటే నాంపల్లిలో నుమాయిష్, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, మొదలవుతుంది. 1938 నుంచి జరుగుతోంది. అన్ని రాష్ట్రాల తిండీ ఒకే మైదానంలో దొరుకుతుంది.


చాంద్రాయణగుట్ట:

బార్కస్ గురించి ఎవరూ చెప్పలేదు! అరబ్బులని అడిగింది కదా మీ అక్క.

చార్మినార్ నుంచి ఇంకా దక్షిణంగా, చాంద్రాయణగుట్ట దాటాక వస్తుంది. బ్యారక్స్ అన్న మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళ బ్యారక్స్ అవి, వాళ్ళ మనవలు, మునిమనవలు ఇంకా అక్కడే ఉన్నారు. లుంగీ కట్టుకుని అరుగుల మీద కూర్చుని గహ్వా తాగే ముసలాళ్ళని చూడొచ్చు, పాలు లేకుండా అల్లం ఘాటుతో ఉంటుంది. రోడ్డు పక్కన జామకాయలమ్మే బండ్లు వరసగా. మా అమ్మ కూరగాయలకి వెళ్ళి ఎప్పుడూ బార్కస్ జామకాయలతోనే తిరిగొచ్చేది.

ఇక్కడ హరీస్ దొరుకుతుంది. రంజాన్‌లో మీరు తినే హలీమ్‌కి ఇది పెద్దక్కలాంటిది. గోధుమ, మాంసం, కొంచెం మసాలా, అంతే, చప్పగా అనిపిస్తుంది మొదట. ఆ హరీస్‌కి మన ఊరు పప్పులు, మసాలాలు, నెయ్యి చేర్చుకుంటూ పోతే హలీమ్ అయింది. ఆ హలీమ్‌కే 2010లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరిదే అని చెప్పే గుర్తింపు) వచ్చింది. రెండూ ఒకే వారంలో తింటే తేడా నాలుకకే తెలుస్తుంది, కానీ డిసెంబర్‌లో హలీమ్ అన్నిచోట్లా దొరకదు, అడిగి వెళ్ళండి.

మందీ అయితే తప్పకుండా. పెద్ద పళ్ళెంలో అన్నం, పైన మాంసం, నలుగురు చుట్టూ నేల మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తినాలి. కారం ఉండదు, పిల్లలకి ఇబ్బంది లేదు. బిర్యానీ అనుకుని తింటే నిరాశ పడతారు, అది వేరు ఇది వేరు. ఇది వాక్‌లో కలపకండి, వేరే రోజు మధ్యాహ్నం భోజనానికే వెళ్ళండి.


అమీర్‌పేట మెస్ భోజనం:

నాకు ఒక బాధ ఉంది, చెప్పాలి. ఏ ఫుడ్ వాక్ చూసినా నిజాం దగ్గర మొదలై నిజాం దగ్గర అయిపోతుంది. ఈ ఊళ్ళో సాయంత్రమైతే ప్రతి రోడ్డు పక్కనా ఒక ఆడమనిషి కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె చేత్తో కొడుతూ కూర్చుంటుంది. పాలమూరు నుంచో నల్గొండ నుంచో వచ్చి ఉంటుంది. ఆవిడ రొట్టె, ఎర్రకారం ఎందుకు వాక్‌లో ఉండదు? సర్వపిండి ఎందుకు ఉండదు? అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన లక్షల మంది పిల్లలకి అన్నం పెట్టిన మెస్‌లు ఎందుకు ఉండవు? 2019లో యునెస్కో ఈ ఊరిని ఆహార సంస్కృతి నగరంగా గుర్తించినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది, అదే రోజు మా మెస్ ఆంటీ గుర్తొచ్చింది. మీ అక్క వచ్చేది కూకట్‌పల్లి ఇంటికే కదా, ఒక సాయంత్రం మీ సందు చివరి జొన్నరొట్టె ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆవిడదే ఊరో అడగండి. గైడ్ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.


రెండు వందల వాక్‌లు:

అమీర్‌పేట అన్నా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను చేసిన వాక్‌లలో ఒక్కసారి కూడా జొన్నరొట్టె పెట్టలేదు. వచ్చేవాళ్ళు చార్మినార్ అడుగుతారు, మేమూ అదే ఇచ్చాం. సికింద్రాబాద్ కూడా అలాగే వదిలేశాం. 1806లో పుట్టిన కంటోన్మెంట్ ఊరు, తమిళులు, పార్సీలు, ఆంగ్లో ఇండియన్లు ఉన్న ఊరు, స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో చాయ్, బన్‌మస్కా పెట్టుకుని మొదలుపెడితే ఒక పూట నడవొచ్చు. ఎవరైనా కుర్రాళ్ళు చదువుతుంటే ఈ రెండూ మొదలుపెట్టండి, నాకు తెలిసింది చెప్తాను.


కూకట్‌పల్లి గోదావరి:

అందరికీ చాలా చాలా థాంక్స్. జనవరి వచ్చేసింది, అక్కావాళ్ళు మొన్న రాత్రి వెళ్ళిపోయారు. ఏం చేశామో రాయకపోతే అన్యాయం.

గైడ్‌ని తీసుకున్నాం, కానీ పొద్దున నడకకి మాత్రమే. ముందే మూడు ప్రశ్నలూ అడిగాను. మొదట ఫోన్ చేసిన చోట మూడో ప్రశ్నకి ఫోన్ పెట్టేశారు. రెండోచోట ఒక కుర్రాడు, చదువుకుంటూ ఆదివారాలు చేస్తాడట, "నేనే కడతానండీ, మీ ముందే" అన్నాడు. అలాగే కట్టాడు. మా ఆరుగురమే. ఆరున్నరకి చేరలేకపోయాం, ఏడైంది, అయినా ఖాళీగానే ఉంది. పిల్లలు ఇడ్లీ దగ్గర రెండోసారి అడిగారు, నేను వద్దన్నాను, మీ మాట విన్నందుకు తర్వాత సంతోషించాను. నహారీ బావకి నచ్చింది, పన్నెండేళ్ళది కూడా తినింది. చిన్నవాడు వాసన చూసి వద్దన్నాడు, బలవంతం చేయలేదు.

బేగం బజార్‌కి వేరే సాయంత్రం వెళ్ళాం, అమ్మే ముందు నడిచింది. మూడు కిలోల సామాను కొంది. మోకాళ్ళ మాటే ఎత్తలేదు. ఐస్‌క్రీం దగ్గర కూర్చున్నాకే "అబ్బా" అంది. సీతాఫలం లేదు, సపోటా తిన్నాం. బార్కస్‌కి ఈసారి కుదరలేదు, అది నాకు కొరతగానే ఉంది. జొన్నరొట్టె ఆవిడది కొల్లాపూర్ అట. తొమ్మిదేళ్ళుగా ఆ సందులోనే ఉంటున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు.

నేను చెప్పాలనుకున్నది మాత్రం నాన్ బట్టీ సంగతి. అమ్మ నాన్ తినలేదు, కానీ అక్కడి నుంచి కదల్లేదు. ఇరవై నిమిషాలు అలా చూస్తూ నిలబడింది. మాకు ఆత్రేయపురం దగ్గరే, అమ్మ పుట్టిల్లు అటువైపే, చిన్నప్పుడు పూతరేకులు చేసేవాళ్ళ మధ్య పెరిగింది. బోర్లించిన కుండ లోపల మంట, బయట జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి అలా లాగితే పలచని రేకు. ఇక్కడేమో మంట లోపలే, పిండీ లోపలే. "మావాళ్ళు కుండ బయట అంటిస్తారు, మీరు లోపల అంటిస్తున్నారు, చెయ్యి కాలదా నాయనా?" అని తెలుగులోనే అడిగేసింది. గైడ్ కుర్రాడు దక్కనీలో చెప్పాడు. బట్టీ దగ్గరాయన చెయ్యి తిప్పి మోచేతి దాకా చూపించాడు, వెంట్రుక అన్నది లేదు. తర్వాత ఆయనే తిరిగి అడిగాడు, ఆ కుండ ఎంతుంటుంది, కాగితంలాంటి రొట్టె చిరక్కుండా ఎలా తీస్తారు అని. అమ్మ గాలిలో కుండ గీసి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని లాగినట్టు చేసి చూపించింది. వెనక నాన్ల కోసం నిలబడ్డవాళ్ళు కూడా చూస్తున్నారు.

అమ్మ రేపు ఊరికి వెళ్తోంది. సంక్రాంతి తర్వాత తిరిగొచ్చేటప్పుడు రెండు డబ్బాల పూతరేకులు తెస్తానంది, ఒకటి మనకి, ఒకటి ఆయనకి. బెల్లంవా, పంచదారవా ఏవి తెమ్మంటారో అడగడం మర్చిపోయామని పొద్దుట్నుంచీ ఒకటే గొడవ.